వేమో పద్ధతా, టెస్లా పద్ధతా: ఏది నమ్మొచ్చు?

డ్రైవర్ లేని కార్ల విషయంలో వేమో (గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్‌కి చెందిన కంపెనీ), టెస్లాల్లో ఎవరి దారి మేలని అడిగారు. ఈ కార్ల సాఫ్ట్‌వేర్‌ను సిమ్యులేషన్‌లో, అంటే కంప్యూటర్‌లో సృష్టించిన రోడ్ల మీద, పరీక్షించే టీమ్‌లో కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. నా ఓటు వేమోకే.

వేమో లైడార్ (లేజర్ కాంతితో దూరాలు కొలిచే సెన్సర్), రాడార్, కెమెరాలు మూడూ వాడుతుంది. ముందే వివరంగా మ్యాప్ చేసుకున్న చోటే తిరుగుతుంది. టెస్లా 2021లో రాడార్‌ను కూడా తీసేయడం మొదలుపెట్టి కెమెరాలనే నమ్ముకుంది. అమ్మిన లక్షల కార్ల నుంచి దానికి వచ్చే డేటా చూస్తే మాలాంటివాళ్లకి ఆశ పుడుతుంది, అరుదైన సంఘటనలు అక్కడే దొరుకుతాయి.

అయితే నేను సెన్సర్ల కంటే ముందు చూసేది, కారు భద్రమని ఎలా తేల్చుకున్నారన్నది. అమెరికాలో మనుషుల డ్రైవింగ్‌కు తీసిపోదని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే, ఒక్క ప్రాణమూ పోకుండా 27.5 కోట్ల మైళ్లు తిరగాలని 2016లో రాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ లెక్కగట్టింది. సాఫ్ట్‌వేర్ మారినప్పుడల్లా అంత దూరం ఎవరు తిప్పగలరు? అందుకే సిమ్యులేషన్.

దానికీ హద్దులున్నాయి. రోడ్డు మీద రికార్డయిన లాగ్‌ను (ఆ ప్రయాణంలో కారు సెన్సర్లు చూసినదంతా) సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌తో మళ్లీ నడిపిస్తాం. ఒకసారి రోడ్డు దాటే మనిషిని చూసి కొత్త వెర్షన్ పాతదాని కంటే ముందే బ్రేక్ వేసింది. మంచిదే. కానీ వెనకున్న వ్యాన్ రికార్డులో ఉన్న వేగంతోనే వచ్చి, స్క్రీన్ మీద మా కారులోంచి దూరి వెళ్లిపోయింది. ఆ డ్రైవర్‌కి మేం ఇవాళ వేసిన బ్రేక్ కనపడదు కదా! రిపోర్టులో మాత్రం 'ఢీకొంది' అని పడింది. నిజంగా అయితే గుద్దేవాడా, ఆగేవాడా? అది తేలాలంటే చుట్టూ ఉన్న బండ్లు కూడా స్పందించేలా మోడల్ చేయాలి. ఆ మోడల్ మనుషుల్లాగే నడుపుతోందా అన్నది మళ్లీ వేరే పరీక్ష.

టెస్లా అమ్మే కార్లలోలాగా 'తప్పు జరిగితే ఆపడానికి డ్రైవర్ సీట్లో మనిషి ఉంటాడుగా' అన్న ధీమా నాకు నచ్చదు. 2018లో అమెరికాలోని టెంపీ అనే ఊళ్లో సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఉబర్ టెస్ట్ కారు ఢీకొట్టింది, ఆమె చనిపోయింది. ఆ కారుకి లైడార్ ఉంది. 5.6 సెకన్ల ముందే ఆమెను గుర్తించింది కూడా. కానీ సాఫ్ట్‌వేర్ ఆమెను ఒకసారి వాహనమనీ ఒకసారి సైకిలనీ మార్చి మార్చి అనుకుంది. డ్రైవర్ సీట్లో ఉన్న మనిషి చూపేమో రోడ్డు మీద లేదు. జీతమిచ్చి కూర్చోబెట్టిన మనిషే అలా ఉంటే, ఆఫీసు నుంచి అలసిపోయి ఇంటికెళ్లే కారు ఓనర్ గంటల తరబడి కాపలా కాస్తాడని ఎలా అనుకోవాలి?

వేమో 2020లో అమెరికాలోని ఫీనిక్స్‌లో ముందు సీట్లో ఎవరూ లేకుండానే మామూలు జనాన్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. కొత్త ఊరికి వెళ్లాలంటే మళ్లీ మ్యాపింగ్, మళ్లీ పరీక్షలు, అదంతా నెమ్మదే. ఆ నెమ్మది నాకు ఇష్టమే. మీరు కొనాలనుకుంటున్న కారు ఫీచర్ పేరు పక్కన 'సూపర్‌వైజ్డ్' (మనిషి కనిపెట్టుకుని ఉండాలి) అని ఉంటే మాత్రం, నడిపేది మీరే అనుకుని కళ్లు రోడ్డు మీదే ఉంచండి.