పాత గిటార్: మెడ చూశాకే బేరం

ప్రశ్న: మా చిన్నాయన ఇచ్చిన యమహా ఎఫ్‌జీ-180, లోపల ఎర్ర లేబుల్ ఉండేది. ఇరవై ఏండ్లు వాయించిన. మొన్న హైదరాబాద్ నుంచి వస్తూ బస్సులనే మర్చిపోయిన, మళ్ల దొరకలేదు. అసుంటిదే ఇంకోటి కొందామని చూస్తున్న. సికింద్రాబాద్‌ల ఒకటి, ఆన్‌లైన్‌ల రెండు కనబడ్డయి. ఏం చూసి కొనాలె?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: కొనేముందు, పోయినదాని కోసం చేయాల్సిన పని ఒకటుంది. పాత ఫొటోల్లో సౌండ్‌హోల్ (గిటార్ పొట్ట మీది గుండ్రటి రంధ్రం) కనిపించేవి ఏరి, పెద్దవి చేసి చూడండి. లేబుల్ మీది అంకెలు ఒక్కదాంట్లోనైనా చదవడానికి వస్తాయేమో. ఆ నంబరు, గీతలు, సొట్టలు వివరంగా రాసి బస్ డిపోలో, పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి; ముద్ర వేయించిన నకలు దగ్గర పెట్టుకోండి. రేపెప్పుడో అది అమ్మకానికి తేలితే మీ మాటకు బలం ఆ కాగితమే. కొనేటప్పుడూ అంతే: అమ్మేవారి పేరు, సంతకం, గిటార్ నంబరుతో రసీదు రాయించుకోవాలి. దొంగసొత్తని తెలిసి గానీ, అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి గానీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ మీ మెడకు చుట్టుకుంటుంది.

ఇక ఎర్ర లేబుల్. ఎఫ్‌జీ అంటే ఫోక్ గిటార్. ఎఫ్‌జీ-180 వచ్చింది 1966లో. 1972 ప్రాంతంలో లేబుల్ ఆకుపచ్చకు మారింది. లేబుల్ మీద నిప్పాన్ గక్కి అని ఉంటే 1960ల నాటిదే అని అమ్మేవారు దబాయిస్తారు. 1987 దాకా యమహా కంపెనీ పేరే నిప్పాన్ గక్కి. ఆ అక్షరాలు చెప్పేది అంతకుముందుదని మాత్రమే. ఇంకో తిరకాసు కూడా ఉంది. 2019లో యమహా ‘రెడ్ లేబుల్’ పేరుతోనే ఎఫ్‌జీ3, ఎఫ్‌జీ5 అని కొత్తవి తెచ్చింది. మంచి గిటార్లే, కానీ అవి పూర్తిగా గట్టి చెక్కతో, అంటే పొరలు అతికించని చెక్కతో చేసినవి. మీది ప్లైవుడ్. రెండింటి నాదం ఒకటి కాదు.

ప్లైవుడ్ అనగానే ముఖం చిట్లించక్కర్లేదు. సౌండ్‌హోల్ అంచును ఫోన్ లైటు వేసి చూడండి. పైన కనిపించే చెక్క గీతలు అంచులోంచి అలాగే కిందికి దిగితే గట్టి చెక్క. మధ్యలో పొరలు పొరలుగా కనిపిస్తే ప్లై. ఎఫ్‌జీ-180ని చూపించి ‘సాలిడ్ టాప్’ అన్నవారికి దాని సంగతి తెలియదు, లేదా మీకు తెలియదనుకుంటున్నారు. మన ఎండలకు నిజానికి ప్లైయే నయం. రోహిణి కార్తెలో గాలి ఎండిపోయినప్పుడు గట్టి చెక్క కుంచించుకుని చీలుతుంది. అడ్డం, నిలువు పొరలు అతికించిన ప్లై అంత సులువుగా చీలదు.

అసలు పరీక్ష మెడది. 12 సైజు తీగల సెట్టు (అన్నిటికంటే సన్న తీగ మందం 0.012 అంగుళం) శ్రుతిలో ఉంటే ఆరు తీగలూ కలిసి 70 కిలోలకు పైనే లాగుతుంటాయి. యాభై ఏళ్లు అలా లాగితే మెడ ముందుకు వంగుతుంది, బ్రిడ్జి (పొట్ట మీద తీగల కొసలు బిగించే చెక్క ముక్క) దగ్గర పొట్ట ఉబ్బుతుంది, తీగలు ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) నుంచి పైకి లేస్తాయి. పాత గిటార్‌లో అతి ఖరీదైన మరమ్మతు ఇదే. మెరుపు చూసి మురిసేముందు దీన్ని తేల్చుకోవాలి.

వెళ్లేటప్పుడు జేబులో నాలుగు ఏటీఎం కార్డులు, సంచిలో 60 సెంటీమీటర్ల స్టీలు స్కేలు పెట్టుకోండి. స్టేషనరీ దుకాణంలో దొరికే 30 సెంటీమీటర్ల స్కేలు బ్రిడ్జి దాకా రాదు. ముందు గిటార్‌ను సరైన శ్రుతికి తెప్పించండి. వదులు తీగల మీద కొలత తీస్తే అంతా అబద్ధమే. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, 14వ ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి 7వ ఫ్రెట్ మీద సందు చూడండి. సన్నని విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే మెడ నిటారుగా ఉన్నట్టే. అంతకంటే బాగా ఎక్కువైతే మెడ విల్లులా వంగింది. ట్రస్ రాడ్ (మెడ లోపల తిప్పి బిగించే ఇనుప కడ్డీ) పనిచేస్తుంటే దాంతో సరిచేయవచ్చు, రాడ్ తిరగకుండా బిగుసుకుపోయి ఉంటే వదిలేయండి.

ఇప్పుడు 12వ ఫ్రెట్. ఒక్కో ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. ఫ్రెట్ మీద మూడు కార్డులు పేర్చి లావు తీగ కిందికి తోయండి. తీగను తాకీ తాకకుండా దూరితే ఎత్తు 2.3 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నట్టు, హాయిగా వాయించవచ్చు. నాలుగు దూరి ఇంకా ఖాళీ ఉంటే 3 దాటింది. అప్పుడు శాడిల్ చూడాలి. అంటే బ్రిడ్జి మీద తీగలు ఆనే తెల్లని ముక్క. అది చెక్క మీద ఎంత పైకి ఉందో కొలవండి. 12వ ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటరు దించాలంటే శాడిల్‌ను రెండు మిల్లీమీటర్లు అరగదీయాలి. ఎత్తు 3.5 ఉంది, 2.5కి తేవాలి, శాడిల్ 3 మిల్లీమీటర్లే ఉంది అనుకోండి. రెండు తీసేస్తే మిగిలేది ఒకటి. తీగ దాని మీద సరిగా వంగి దిగదు, నాదం చప్పబడుతుంది. అలాంటి గిటార్‌కు మెడ ఊడదీసి కోణం మార్చడం తప్ప దారి లేదు.

స్కేలుతోనూ ఇదే తెలుస్తుంది. మూడో, నాలుగో తీగల మధ్య ఫ్రెట్ల మీద స్కేలును అంచు మీద నిలబెట్టి బ్రిడ్జి వైపు జరపండి. కొస బ్రిడ్జి నెత్తి మీద ఆనాలి, లేదా పిసరంత పైన పోవాలి. బ్రిడ్జి చెక్క ముందు భాగానికి గుద్దుకుంటే మెడ దిగిపోయినట్టే.

మెడ కోణం మార్చడమంటే అతుకు మీదున్న ఫ్రెట్ తీసి, సన్నని రంధ్రం చేసి, ఆవిరి పట్టి జిగురు కరిగించి, మడమ (మెడ పొట్టకు అతికే చోటు) చెక్కను కాగితం మందాన చెక్కుతూ మళ్లీ అతికించడం. పాత యమహాల్లో జిగురు మొండిది, పైపూత మందం. అందుకే చాలామంది రిపేరర్లు వీటిని ముట్టుకోరు. చేసే మనిషిని ముందు చూసుకుని, ఖర్చు అడిగి, దాన్ని అమ్మకం ధరలోంచి తీసేసి బేరమాడండి. అమ్మేవారు ఒప్పుకోకపోతే ఆ గిటార్ అక్కడే ఉండనివ్వండి.

మిగతావి త్వరగా చూసేయవచ్చు. బ్రిడ్జి వెనక అంచు కిందికి కాగితం ముక్క తోయండి, దూరితే బ్రిడ్జి లేస్తోంది. సౌండ్‌హోల్‌లో చిన్న అద్దం పెట్టి, తీగల కొసలకుండే గుండ్లు ఆనే లోపలి పలకను చూడండి. గుండ్లు దాన్ని తొలిచి పైకి వచ్చేస్తుంటే అదొక ఖర్చు. వేలి గణుపుతో పొట్టంతా తట్టండి. ఎక్కడైనా జీరగా మోగితే లోపలి పట్టీ ఊడింది. కొత్త ఫ్రెట్ ఎత్తు 1 మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది, సగానికి అరిగితే మార్చాలి.

ఆన్‌లైన్‌లో ఉన్న రెండింటికీ నాలుగు ఫొటోలు అడగండి: లేబుల్, పక్కనుంచి శాడిల్, స్కేలు పెట్టిన 12వ ఫ్రెట్, బ్రిడ్జి వెనక. నాలుగూ పంపనివారికి అడ్వాన్సు పంపకండి. ఇంకో చోటు కూడా ఉంది. మెన్నోనైట్ బ్రెదరన్ మిషన్ పనిచేసిన మీ దేవరకొండలో, వనపర్తిలో, గద్వాలలో చర్చి క్వయర్లను అడిగి చూడండి. వాడకంలో ఉన్న గిటార్‌కు, అటక మీద ఎండిపోయినదానికి చాలా తేడా.

ప్రశ్న: మా ఇంట్ల కలకత్తాల చేసిన పాత గిటార్ ఉన్నది. తీగలు వేలంత ఎత్తుల ఉన్నయి, నొక్కితే వేళ్లు తెగుతున్నయి. మెడ వంగిందంటున్నరు. పారేయాల్నా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: పారేయకండి. ముందు తల వైపు నట్ (మెడ పైకొసన తీగలు ఆనే ముక్క) చూడండి. అక్కడ కూడా తీగలు ఫ్రెట్ల మీద ఏడెనిమిది మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే మెడ వంగలేదు. అది హవాయిన్ గిటార్‌గా బిగించినది. ఒళ్లో పడుకోబెట్టి, ఎడమ చేత్తో స్టీలు కడ్డీ జార్చుతూ వాయించే పద్ధతి బెంగాల్‌లో ఒకప్పుడు ఇంటింటా ఉండేది. దాన్ని వేళ్లతో నొక్కాలని చూస్తే తెగక ఏమవుతాయి!

ఎత్తు నట్ తీసేసి మామూలు ఎముక నట్ పెట్టించండి. మొదటి ఫ్రెట్ మీద లావు తీగ సందు అర మిల్లీమీటరు చాలు. శాడిల్ కూడా ఎత్తుగా ఉంటే అదీ దించాలి. ఆ తర్వాతే మెడ సంగతి తేలుతుంది. నట్ దగ్గర మామూలుగా ఉండి, 12వ ఫ్రెట్ దగ్గర మాత్రమే ఎత్తుంటే అప్పుడు మీవాళ్లు అన్నది నిజం.

ఆ కాలపు చవక గిటార్లలో చాలావాటికి మెడలో ట్రస్ రాడ్ ఉండదు, పొట్ట లోపలి పట్టీలు నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉంటాయి. 12 సైజు తీగలు వేయకండి. 10 సైజు సెట్టు లాగుడు 60 కిలోల దగ్గరే, అదే వేయండి. అది కూడా ఎక్కువనిపిస్తే ఒక స్వరం దించి శ్రుతి చేసి, కావాలంటే రెండో ఫ్రెట్‌కు కాపో (తీగలన్నీ ఒకేసారి నొక్కిపెట్టే క్లిప్పు) పెట్టుకోండి.

ప్రశ్న: గిటార్ బ్రిడ్జి లేస్తే వడ్రంగి తెల్ల జిగురుతో అతికించిండు. నెల తిరగకముందే మళ్ల లేచింది. మాది రేకుల ఇల్లు. ఎందుకు?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: కుర్చీ కాలుకు ఆ జిగురు చాలు. ఇక్కడ రాత్రింబవళ్లు లాగుడు ఉంటుంది. దానికితోడు వేడి తగిలితే తెల్ల జిగురు మెత్తబడి మెల్లమెల్లగా జారుతుంది. పాత జిగురు గీకకుండా దాని మీదే కొత్తది రాసి ఉంటే అసలు పట్టదు. ఈసారి బ్రిడ్జిని పూర్తిగా ఊడదీయించండి. రెండు వైపులా ఉత్త చెక్క కనిపించేదాకా జిగురు గీకించి, కింద వార్నిష్ ఉంటే అదీ తీయించి, గిటార్ పనికి వాడే గట్టి పసుపు జిగురుతో అతికించి, సౌండ్‌హోల్‌లోంచి క్లాంపులు బిగించాలి. ఒక రోజంతా ఆగాకే తీగలు. కొన్ని పాత యమహాల్లో బ్రిడ్జి మీది ముత్యపు చుక్కల కింద బోల్టులుంటాయి, అవి విప్పకుండా పీకితే టాప్ చెక్క కూడా లేచి వస్తుంది.

అన్నట్టు, మీది రేకుల ఇల్లు అని రాశారు. మధ్యాహ్నం ఆ గదిలో గిటార్‌ను గోడకు వేలాడదీయకండి, ఎండలో ఆపిన కారు డిక్కీలో అసలే వద్దు. చిన్న తేమ మీటరు కొని గిటార్ పెట్టెలో పెట్టండి. 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. ఎండకాలం 35 కంటే కిందికి పడితే రంధ్రాలు చేసిన సబ్బు డబ్బాలో తడిపి గట్టిగా పిండిన స్పాంజి పెట్టి పెట్టె మూయండి, రెండు రోజులకోసారి మళ్లీ తడపండి. మెడ అంచు మీద అరచేయి జార్చినప్పుడు ఫ్రెట్ కొసలు గుచ్చుకుంటున్నాయంటే చెక్క ఇప్పటికే ఎండుతోంది. కూలర్ ముందు పెడితే తేమ దొరుకుతుందనుకుంటారు కొందరు. కూలర్ వేసినంతసేపు ఉబ్బి, ఆపగానే కుంచించుకుని, ఆ రోజువారీ ఊపుకే అతుకులు ఊడతాయి. వానకాలంలో స్పాంజి తీసేసి సిలికా జెల్ పొట్లాలు వేయండి.