పేరొక్కటే, పాటలు వేరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సెలిన్ డియాన్ పాడిన ‘ది పవర్ ఆఫ్ లవ్’ కోసం కరావోకే ట్రాక్ కొన్నాను. మోగించి చూస్తే హుషారైన రాక్ పాట! తప్పు ఫైలు పంపారా?

జవాబు: ఫైలు సరైనదే, పాటే వేరు. ఆ పేరుతో బాగా పేరుపడ్డ పాటలు మూడున్నాయి. చిత్రం ఏమిటంటే, మూడూ ఏడాది లోపే వచ్చాయి. ఫ్రాంకీ గోస్ టు హాలీవుడ్ బృందం పాట 1984 డిసెంబరులో బ్రిటన్‌లో నంబర్ వన్. జెనిఫర్ రష్ పాట 1985 అక్టోబరులో అక్కడే అయిదు వారాలు మొదటి స్థానంలో ఉంది. హ్యూయీ లూయిస్ అండ్ ద న్యూస్ పాట 1985లో ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ సినిమా కోసం చేసింది. మీ చేతికొచ్చింది బహుశా ఈ మూడోదే.

సెలిన్ డియాన్ 1993లో పాడింది జెనిఫర్ రష్ పాటనే. కాబట్టి వెతికేటప్పుడు ఈ ఇద్దరిలో ఒకరి పేరు తప్పకుండా చేర్చండి. మగ గొంతుతో పాడాలనుకుంటే మరో చిక్కుంది. శ్రుతి మీటతో ఒకటి రెండు మెట్లు దించితే ఫర్వాలేదు. నాలుగైదు దించితే వాద్యాల నాదం మొద్దుబారుతుంది. మొదటే తక్కువ శ్రుతిలో చేసిన ట్రాక్ తీసుకోవడం మేలు.

ప్రశ్న: ఒకే పేరున్న రెండు పాటల్లో ఒకటి రెండోదానికి కవరా (అంటే ఇంకొకరి పాటనే మళ్లీ పాడినదా), సొంత పాటా అన్నది ఎలా తెలుస్తుంది?

జవాబు: గాయకుల పేరు చూడకండి, రచయితల పేరు చూడండి. ‘వితౌట్ యూ’నే తీసుకోండి. 1971లో నిల్సన్, 1994లో మరయా కేరీ పాడింది ఒకే పాట. రాసింది బ్యాడ్‌ఫింగర్ బృందంలోని పీట్ హామ్, టామ్ ఎవాన్స్. 2011లో డేవిడ్ గెట్టా, అషర్ కలిసి చేసిన ‘వితౌట్ యూ’కి దీనితో చుట్టరికం లేదు.

రచయితల వివరం దొరక్కపోతే పాటకు ఇచ్చే గుర్తింపు కోడ్ చూడొచ్చు, అవి రెండు రకాలు. ఐఎస్‌డబ్ల్యూసీ రచనకు ఇచ్చేది, ‘టీ’ అక్షరంతో మొదలవుతుంది. కవర్లు ఎన్నొచ్చినా సాధారణంగా మూల రచన కోడే ఉంటుంది. ఐఎస్‌ఆర్‌సీ రికార్డింగుకు ఇచ్చేది, అక్షరాలు, అంకెలు కలిపి 12 ఉంటాయి. ఒక్కో రికార్డింగుకు ఒక్కోటి. ఇందులో ఆరు, ఏడు స్థానాల్లోని అంకెలు కోడ్ ఇచ్చిన ఏడాదివి. వాటిని పాట పుట్టిన ఏడాది అనుకుని బోల్తాపడేవాళ్లు చాలామంది. పాత రికార్డింగుకు కోడ్ ఎన్నో ఏళ్ల తర్వాత పడి ఉండొచ్చు.

ప్రశ్న: ‘లవ్ స్టోరీ’ అని అడిగితే మా అమ్మాయి ఒక పాట, నేను ఒక పాట అనుకుంటున్నాం.

జవాబు: ఇద్దరిదీ నిజమే. 1970 నాటి ‘లవ్ స్టోరీ’ సినిమాకు ఫ్రాన్సిస్ లై కట్టిన బాణీకి కార్ల్ సిగ్మన్ మాటలు రాయగా, 1971లో ఆండీ విలియమ్స్ పాడారు. ఆ పాట అసలు పేరు ‘వేర్ డు ఐ బిగిన్’. సినిమా పేరు వెనకాల అతుక్కుంది. మీ అమ్మాయిది 2008లో టేలర్ స్విఫ్ట్ పాడినది. అందులోనూ రెండున్నాయి: 2021లో ఆమె మళ్లీ రికార్డు చేసినదానికి బ్రాకెట్లో ‘టేలర్స్ వెర్షన్’ అని ఉంటుంది. ప్లేలిస్టులో రెండూ పక్కపక్కనే పడితే పొరపాటు అనుకుని ఒకటి తీసేయకండి.

ప్రశ్న: ఇంకొకరి పాట పేరు పెట్టుకుంటే కేసు పడదా?

జవాబు: పేరుకు, చిన్న పదబంధానికి కాపీరైట్ వర్తించదని అమెరికా కాపీరైట్ కార్యాలయమే చెబుతుంది. మాటలు, బాణీ తీసుకుంటేనే గొడవ. ‘బెస్ట్ ఆఫ్ మై లవ్’ పేరుతో ఈగల్స్ పాట 1975లో, ఎమోషన్స్ పాట 1977లో అమెరికాలో నంబర్ వన్ అయ్యాయి. మొదటిది నెమ్మదిగా సాగే విరహం, రెండోది కాలు ఆడించే డిస్కో.