రెండు మాత్రలు వేసుకుంటే నొప్పి రెట్టింపు తగ్గుతుందా?

ప్రశ్న: మా అమ్మగారి వయసు 63. మోకాళ్ల నొప్పులున్నాయి. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నారు. వచ్చే నెల అలిపిరి మెట్ల దారిన కొండెక్కుతానని మొక్కుకున్నారు. మందుల షాపులో ఇచ్చిన ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ మాత్ర ఒకటి చాలడం లేదట. ఆ రోజు గ్యాస్ మాత్రతో కలిపి ఒకేసారి రెండు వేసుకుంటానంటున్నారు. ఫరవాలేదా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: దయచేసి అలా వేసుకోనివ్వకండి. ఈ రకం మందులతో ఉపశమనం ఒక హద్దు వరకే పెరుగుతుంది. ఉదాహరణకు ఐబుప్రోఫెన్ ఒక విడతలో 400 మిల్లీగ్రాములు దాటాక, మామూలు నొప్పి తగ్గడంలో పెద్ద తేడా ఉండదు. కడుపులో పుండ్లు, రక్తస్రావం వంటి ముప్పులు మాత్రం మోతాదుతో పాటు పెరుగుతూనే పోతాయి. ఎసిక్లోఫెనాక్ పెద్దలకు రోజుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు, అదీ ఉదయం 100, సాయంత్రం 100 చొప్పున. రెండు మాత్రలు పొద్దున్నే మింగితే ఆ హద్దు అక్కడే నిండిపోతుంది. సాయంత్రం నొప్పి తిరగబెడితే చేయి మూడో మాత్ర మీదకు పోతుంది.

నాకు కడుపు కన్నా మూత్రపిండాల గురించే ఎక్కువ దిగులుగా ఉంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తప్రసారం పడిపోకుండా ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు కాపాడతాయి, నొప్పి మాత్ర వాటినే అణచివేస్తుంది. టెల్మిసార్టాన్ మూత్రపిండాల లోపలి పీడనాన్ని తగ్గిస్తుంది, హైడ్రోక్లోరోథయాజైడ్ నీటిని బయటికి పంపుతుంది. ఈ మూడూ ఒంట్లో ఉండగా, సుమారు 3,550 మెట్లు చెమటలు కారుతూ, దారిలో ఇబ్బందవుతుందని నీళ్లు కూడా సరిగా తాగకుండా ఎక్కితే (మన ఆడవాళ్లు చాలామంది చేసేది ఇదే) మూత్రపిండాలు ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. గ్యాస్ మాత్ర కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది తప్ప మూత్రపిండాలను కాపాడలేదు.

పారాసెటమాల్ విషయం ఒక్క మాట: ఈ మాత్రలోనే అది సాధారణంగా 325 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి, ఒళ్లు నొప్పులకు విడిగా 650 మాత్ర వేసుకుంటే రెండూ కలిపి లెక్కపెట్టాలి.

ఇప్పుడే డాక్టరుకు చూపించి, బీపీ, సీరం క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించుకోండి. మాత్రకు బదులు మోకాళ్లకు డైక్లోఫెనాక్ జెల్ రాయవచ్చేమో అడగండి. అది రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. కూర్చుని కాలు చాచి ఎత్తి నిలిపే వ్యాయామం నేటి నుంచే మొదలుపెట్టించండి. దిగడం మోకాళ్లకు ఎక్కడం కన్నా కష్టం కనుక, తిరుగు ప్రయాణం బస్సులో పెట్టుకోండి. నొప్పి మాత్రలు వాడుతున్న రోజుల్లో మలం నల్లగా వచ్చినా, మూత్రం బాగా తగ్గినా, పాదాలు వాచినా ఆ మాత్రలు ఆపి, తెల్లవారేదాకా చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.