పిల్లాడికి వేరే ఫారం వెయ్యాలి చిన్నా

కావలి

చిన్నా,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కందుకూరు సంబంధం ఖాయం చేసుకున్నావని, ఆ అమ్మాయి భర్త పోయి ఆరేళ్లయిందని, ఇంటర్ రెండో సంవత్సరం చదివే కొడుకున్నాడని. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వరండాలో అలాగే కూర్చుండిపోయాను. సంతోషంతోనే నాయనా. విడాకుల తర్వాత నువ్వు ఎంత ముడుచుకుపోయావో నేను చూశాను. ఇప్పుడు మళ్లీ ఒక ఇంటివాడివి అవుతున్నావు, అదీ తండ్రి లేని పిల్లాడికి అండగా ఉంటానని ముందుకొచ్చి. మీ పెదనాన్న బతికుంటే ఈ పాటికి వీధంతా మలై కాజా పంచి ఉండేవారు.

కానీ రాత్రి నిద్ర పట్టలేదు. మీ అమ్మ ఇంకో మాట కూడా అంది. పిల్లాడికి ఫిబ్రవరిలో 18 నిండుతాయట, మార్చిలో పరీక్షలట, అవయ్యాక నిదానంగా వైశాఖంలో ముహూర్తం పెట్టుకుందామని అనుకున్నారట. "పిల్లల్ని తెచ్చుకోడానికి అమెరికాలో రూలు 21 కదా, తొందరేం లేదు" అని నువ్వే అన్నావట. ఆ మాట వినగానే నా గుండె జారిపోయింది. ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగానికి మీటింగ్ ఉందంటావు. అందుకే రాస్తున్నాను. కూర్చుని చదువు.

18 వేరు, 21 వేరు. పిల్లాడికి 18 నిండకముందే మీ పెళ్లి జరగాలి. అప్పుడే అక్కడి చట్టం ప్రకారం వాడు నీకు కొడుకు అవుతాడు. 21 సంగతి ఆ తర్వాతది. వాడికి 21 నిండకముందు నువ్వు వాడి గ్రీన్ కార్డు కోసం పిటిషన్ వేస్తే, వేసిన రోజున ఉన్న వయసే లెక్కలో నిలిచిపోతుంది, ఆఫీసులో ఎన్ని నెలలు నానినా ఫరవాలేదు. 2002లో చట్టం మార్చాక వచ్చిన సదుపాయం ఇది. అంతకుముందు కాగితాలు నడుస్తుండగానే పిల్లలకు వయసు దాటిపోయేది. కానీ 18కి అలాంటి మినహాయింపు ఏమీ లేదు. పుట్టినరోజు తర్వాత తాళి కడితే నువ్వు వాడి కోసం ఒక్క కాగితం కూడా వెయ్యలేవు. తల్లి ముందు వెళ్లి, గ్రీన్ కార్డు చేతికొచ్చాక ఆమె వెయ్యాలి. ఆ క్యూ ఏళ్ల తరబడి సాగుతుంది. అన్నేళ్లూ పిల్లాడు ఎవరింట్లో ఉండాలి?

కాబట్టి వైశాఖం మాట మర్చిపో. కార్తీకంలో వచ్చెయ్. పది రోజుల సెలవు దొరక్కపోతే వారం చాలు. జొన్నవాడ కామాక్షమ్మ గుళ్లో పెళ్లి చేసుకోండి, ఇంట్లోవాళ్లం పాతికమందిమి ఉంటే చాలు. తాళి కట్టడం, ఏడడుగులు అన్నీ పద్ధతిగా జరగాలి, ఫోటోలు తీయించాలి, తర్వాత రిజిస్ట్రేషన్ చేయించాలి. ఒట్టి రిజిస్ట్రేషన్ కాగితం పెళ్లి కాదని, హిందూ వివాహంలో శాస్త్రోక్తంగా తంతు జరిగి తీరాలని సుప్రీంకోర్టు 2024లో గట్టిగా చెప్పింది. నువ్వు అమెరికా పౌరుడివి కాబట్టి రిజిస్ట్రార్ ఆఫీసులో స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద చేసుకోమంటారేమో, అలాగైతే 30 రోజుల నోటీసు ఉంటుంది. అందుకే ఇప్పుడే కనుక్కోవాలి. వేసవిలో అందరినీ పిలిచి పెద్ద భోజనాలు పెట్టుకుందువుగాని, ఉలవపాడు మామిడిపళ్లు కూడా వచ్చి ఉంటాయి. మూఢం, మంచి రోజులు అంటూ మీ అమ్మ ఏమైనా అంటే ఆ బాధ్యత నాకు వదిలెయ్. దాంతో నేను మాట్లాడతాను.

ఇక రెండోది. ఆ పిటిషన్ వేసే ఫారం పేరు ఐ-130. భార్యకి ఒక ఐ-130, పిల్లాడికి ఇంకో ఐ-130. రెండు ఫారాలు, రెండు ఫీజులు. కాగితం మీద వేస్తే ఇప్పుడు ఒక్కోదానికి 675 డాలర్లు, ఆన్‌లైన్‌లో అయితే 625. "తల్లి ఫారంలో పిల్లల పేర్లు రాసే చోటు ఉంది కదా, అక్కడ రాస్తే సరిపోతుంది" అని ఎవరు చెప్పినా నమ్మకు. నేను నమ్మాను.

మా కథ నీకు పైపైన తెలుసు. అప్పుడు నీకు పదిహేనేళ్లు, చెల్లిని, అంటే నా కూతురిని, సైకిల్ మీద స్కూల్లో దింపేవాడివి. కానీ నీకు తెలియంది చాలా ఉంది, ఇన్నేళ్లలో నేను మీ అమ్మతో కూడా పూర్తిగా చెప్పలేదు.

1997లో మీ పెదనాన్నతో నాకు పెళ్లయింది. చెల్లికి పదేళ్లు. ఆయన అప్పటికే అక్కడి పౌరుడు. మంచి మనిషి, చెల్లి విషయంలో ఒక్క రోజు కూడా తేడా చూపించలేదు. ఆయన అక్కడికి వెళ్లి నాకు పిటిషన్ వేశారు. ఫారంలో పిల్లల పేర్లు రాసే చోట చెల్లి పేరు, పుట్టిన తేదీ గుండ్రటి అక్షరాలతో రాసి, ఆ కాపీ నాకు పోస్టులో పంపించారు. ఆ కాగితం చూసుకుని నేనెంత మురిసిపోయానో! తన కూతురిగా రాశారు కదా అని. ఆయనతో పనిచేసే ఒకరు, తల్లి కేసుతోనే పిల్ల వచ్చేస్తుందని చెప్పారట. ఆ చెప్పినాయన తప్పు కూడా లేదు. అన్నదమ్ముల కోటాలోనో, ఉద్యోగం కోటాలోనో అయితే పిల్లలు అలాగే వస్తారు. పౌరుడి భార్య కేసులో మాత్రం పిల్లలు వెంట రారు, ఎవరిది వాళ్లకి వేరుగా ఉండాలి. ఆ తేడా మాలో ఎవరికీ తెలియదు.

1998లో ఇంటర్వ్యూ పడింది. అప్పట్లో మనకి మద్రాసులోనే. ముందు రోజే బయల్దేరాం, నేనూ చెల్లీ. దానికి నేనే ఆకుపచ్చ పట్టు పావడా కుట్టాను. పెరిగే పిల్ల కదా, ఒకటి రెండేళ్లు కట్టుకుంటుందని కింద మూడు టక్కులు వేశాను. మర్నాడు తెల్లారకముందే జెమిని దగ్గర కాన్సులేట్ ముందు క్యూలో నిలబడ్డాం. అది నా కొంగు పట్టుకుని, అమెరికాలో స్కూలు బస్సు పసుపు రంగులో ఉంటుందట కదా అమ్మా అని అడుగుతూనే ఉంది.

కిటికీ దగ్గర నా కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. తర్వాత, ఈ పాపకి కేసు లేదే అన్నారు. నేను ఫారం కాపీ తీసి చూపించాను, ఇదిగో పేరు ఉందని. అది వివరం కోసం రాయించే గడి మాత్రమేనని, పాపకి మీ ఆయన విడిగా పిటిషన్ వెయ్యాలని ఓపిగ్గానే చెప్పారు. నాకు వీసా ఇచ్చారు. దానికి ఇవ్వలేదు. మధ్యాహ్నం పినాకిని ఎక్కి వెనక్కి వచ్చేశాం. గూడూరు దాటేదాకా అది మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది, "నా పేరు సరిగా రాయలేదా అమ్మా?" అని.

ఫారం తప్పు తెలియక జరిగింది. తెలిసి చేసిన తప్పు దాని తర్వాతది. నా వీసాకి గడువుంది, ఆలోపు విమానం ఎక్కాలి. ఎక్కకుండా ఆగి, చెల్లి కాగితాలు వచ్చాక ఇద్దరం కలిసి వెళ్లి ఉండాల్సింది. మీ పెదనాన్న కూడా నీ ఇష్టం అన్నారు. కానీ చుట్టుపక్కల అందరూ, మొగుడు అక్కడ ఒంటరిగా ఉన్నాడు, వచ్చిన వీసా పోగొట్టుకుంటావా అన్నారు. మూడు నెలల్లో పిల్ల కూడా వచ్చేస్తుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. చెల్లిని మీ అమ్మమ్మ దగ్గర వదిలేసి ఎక్కాను.

మూడు నెలలు కాదు నాయనా, పదహారు నెలలు పట్టింది. ఆదివారం ఆదివారం ఫోన్ కార్డు గీకి మాట్లాడేదాన్ని. మొదట్లో అది ఏడ్చేది. తర్వాత తర్వాత ఏడవడం మానేసింది, నాకు అదే ఎక్కువ భయమేసింది. మీ అమ్మమ్మ దగ్గరున్నప్పుడే అది పెద్దమనిషి అయింది. మీ అమ్మే పీట మీద కూర్చోబెట్టి పసుపు నీళ్లు పోసింది. నేను వేల మైళ్ల దూరంలో వంటింట్లో గోడకి ఆనుకుని, ఫోన్లో పేరంటాళ్ల పాటలు విన్నాను.

ఆఖరికి వచ్చింది. ఎయిర్‌పోర్టులో అదే ఆకుపచ్చ పావడా కట్టుకుని వచ్చింది. మూడు టక్కులూ విప్పేసి ఉన్నాయి. విప్పిన చోట మూడు గీతలు, ఆ గీతల దగ్గర రంగు కొంచెం ముదురుగా ఉంది. నా చేత్తో నేను విప్పాల్సిన టక్కులు అవి. దగ్గరకి తీసుకోబోతే, "బాగున్నారా అమ్మా" అంది. నన్ను నువ్వు అని పిలిచే పిల్ల. మళ్లీ నువ్వు అనడానికి దానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు మేం బాగానే ఉన్నాం, నీకూ తెలుసు. అయినా ఆ గీతలు నా కళ్ల ముందునుంచి పోలేదు.

అందుకని చిన్నా, రెండు పిటిషన్లూ ఒకే రోజు వెయ్యి. తర్వాత ఎక్కడైనా ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి అయితే, రెండూ కలిపి ఇంటర్వ్యూకి పంపమని నేషనల్ వీసా సెంటర్‌కి రాయి. ఎన్ని నెలలు ఆలస్యమైనా సరే, తల్లి ముందు రాకూడదు. అలా రమ్మని నువ్వు అడగకూడదు. నీకు ఒంటరితనం ఉంటుంది, కాదనను. పెద్దవాడివి, ఓర్చుకోగలవు.

మిగతావన్నీ మామూలు పనులే. భార్య కేసులో ఆమె వివరాలకి ఐ-130ఏ అని ఇంకో ఫారం కూడా ఉంటుంది. నీ విడాకుల డిక్రీ కోర్టు ముద్ర ఉన్న కాపీ తెచ్చుకో, అమ్మాయి మొదటి భర్త మరణ ధ్రువీకరణ పత్రం తీసి పెట్టమను. పిటిషన్ ఆమోదం కావడానికే ఏడాది పైన పట్టొచ్చు. తర్వాత డీఎస్-260 అనే వీసా దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఇద్దరికీ చెరొకటి, వీసా ఫీజు ఒక్కొక్కరికి 325 డాలర్లు. ఐ-864 అని నువ్వు పోషిస్తానని రాసిచ్చే హామీ ఉంటుంది, ముగ్గురి కుటుంబానికి పేదరికపు గీత ఎంత అంటారో దానికి 125 శాతం నీ ఆదాయం ఉండాలి. నీకది సమస్య కాదు, టాక్స్ కాగితాలు మాత్రం సరిగ్గా పెట్టు. పోలీసు క్లియరెన్స్ 16 దాటిన వాళ్లందరికీ కావాలి, కాబట్టి పిల్లాడికీ తీయించాలి. ఇంటర్వ్యూ ఇప్పుడు ముంబైలో. మెడికల్ కాన్సులేట్ వాళ్లు చెప్పిన డాక్టర్ల దగ్గరే చేయించాలి.

పేర్ల దగ్గర మాత్రం కాస్త ఆగు. పిల్లాడి బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒట్టి పొడి అక్షరంగా, ఇలా ఉంటాయి మనవాళ్ల కాగితాలు. వాడు ఆమె కొడుకేనని చూపించేది ఆ బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే. అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే దిద్దించాలి, ఇంటర్వ్యూ ముందు రోజు కాదు.

ఇంకోటి. ముందు విజిటింగ్ వీసా మీద తెచ్చేసుకుని అక్కడే మార్చుకోవచ్చని నీకెవరైనా సలహా ఇస్తారు. ఆ పని చెయ్యొద్దు. ఉండిపోవాలనే ఉద్దేశంతో వస్తూ చూడ్డానికి వస్తున్నామని చెబితే అది అబద్ధం కిందకి వస్తుంది, ఆ మచ్చ జీవితాంతం ఫైల్లో ఉంటుంది. పెళ్లయి రెండేళ్లు నిండకముందు వాళ్లు అక్కడ దిగితే రెండేళ్ల గ్రీన్ కార్డే, షరతు మీద, ఇస్తారు. అది ముగిసే ముందు 90 రోజుల్లో మీరిద్దరూ కలిసి ఆ షరతు తీసెయ్యమని ఐ-751 ఫారం వెయ్యాలి. తల్లితోపాటే, లేదా తల్లి వెళ్లిన 90 రోజుల్లోపు వస్తే పిల్లాడిని కూడా అందులోనే కలపొచ్చు. ఆ తేదీ క్యాలెండర్‌లో ఎర్రగా రాసుకో.

ఇంతకీ నువ్వు ఆ పిల్లాడితో మాట్లాడావా? మీ అమ్మని అడిగితే నీళ్లు నమిలింది. తల్లితో రోజూ గంట మాట్లాడతావు, వాడితో ఒక్కసారైనా విడిగా మాట్లాడలేదంటే ఎలా నాయనా? నెల్లూరులో హాస్టల్లో ఉన్నాడట, ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లేనట. ఆదివారం ఫోన్ ఇస్తారు. ఎంట్రన్స్ పరీక్ష గురించి అడగకు, ఇప్పుడు అందరూ దాన్నే అడుగుతుంటారు. వాడికి రావాలని ఉందో లేదో అడుగు. వాళ్ల నాన్న ఇంటిపేరు వాడికే ఉంటుందని, ఎవరూ మార్చరని చెప్పు. నాయనమ్మ, తాతయ్య ఉన్నారట, పెళ్లికి ముందు నువ్వే వెళ్లి వాళ్ల కాళ్లకి దణ్ణం పెట్టు. కొడుకు పోయాడు, ఇప్పుడు మనవడు కూడా సముద్రాలు దాటి వెళ్తున్నాడు. వాళ్లకి నీ మొహం తెలియాలి.

నేను ఈ ఆదివారం కందుకూరు వెళ్తున్నాను. అమ్మాయితో కూర్చుని కాగితాలన్నీ చూస్తాను, ఏవి లేవో రాసి పంపుతాను. అక్కణ్ణుంచి నెల్లూరు వెళ్లి హాస్టల్లో పిల్లాడికి కాజాలు ఇచ్చి వస్తాను, నన్ను పెద్దమ్మమ్మ అని పిలవాలో ఏమని పిలవాలో వాడే చెబుతాడు.

చెల్లికి నీ విషయం రాత్రే చెప్పాను. పెళ్లెప్పుడని అడగలేదు. "అన్నయ్య పిల్లాడికి వేరే ఫారం వేస్తున్నాడా?" అని అడిగింది. నువ్వు నింపాక రెండూ పంపాలట, పోస్టు చేసేముందు తను చూస్తుందట. దానికే ముందు పంపు.

మీ పెద్దమ్మ