గొంతులు వినిపించడం తగ్గింది... సరుకులెందుకు మర్చిపోతున్నాడు?

ప్రశ్న: మా తమ్ముడికి 27 ఏళ్లు. స్కిజోఫ్రెనియాకు నాలుగేళ్లుగా మందులు వాడుతున్నాడు. చెవిలో గొంతులు వినిపించడం తగ్గింది. కానీ కొట్టుకు పంపితే నాలుగు సరుకుల్లో రెండే తెస్తాడు. చిల్లర లెక్క చెప్పలేడు. బద్ధకమని నాన్న తిడుతున్నారు. వీఆర్ (వర్చువల్ రియాలిటీ) కళ్లజోడు, అంటే కంప్యూటర్ సృష్టించిన చోటును నిజంలా కళ్లముందు చూపేది, పెట్టి మెదడు పనితీరు పరీక్షిస్తారని చదివాను. చేయించాలా?
- ఒక అక్క, ఖమ్మం

జవాబు: అది బద్ధకం కాకపోవచ్చమ్మా, ముందు నాన్నగారికి ఆ మాట చెప్పండి. ఈ జబ్బులో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, పనులు వరసగా చేసుకుపోయే నేర్పు కూడా దెబ్బతింటాయి. గొంతుల్ని తగ్గించినంతగా మందులు వీటిని బాగుచేయలేవు.

మామూలు పరీక్షల్లో అంకెలు వెనక్కి చెప్పించడం, పదాలు గుర్తుపెట్టుకోమనడం లాంటివి ఉంటాయి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో బాగానే చెప్పినవాళ్లు కూడా బజార్లో తికమకపడొచ్చు. వీఆర్ పరీక్షలు వచ్చింది అందుకే. కోపెన్‌హేగెన్ పరిశోధకుల 'క్యావిర్' పరీక్షలో కళ్లజోడు పెట్టుకోగానే వంటగది కనిపిస్తుంది, అందులో వంట పనులు చక్కబెట్టాలి. అమెరికాలో తయారైన 'వీఆర్‌ఎఫ్‌క్యాట్' అయితే అచ్చం మీ తమ్ముడి కథే! వంటింట్లో ఏమున్నాయో చూసుకుని, బస్సెక్కి, కొట్లో సరుకులు కొని, తిరిగి ఇంటికి రావాలి. పేరులో వీఆర్ ఉన్నా దానికి కళ్లజోడు అక్కర్లేదు, తెర మీదే చేయొచ్చు. ఎంతసేపు పట్టింది, ఎన్ని తప్పులు చేశారు అన్నది లెక్కగడతారు.

వీటితో జబ్బు ఏమిటన్నది తేలదు. ఎక్కువగా పరిశోధనల్లోనే వాడుతున్నారు. పైగా ఆ బస్సూ ఆ కొట్టూ అక్కడివి. కిరాణా కొట్టు ముందు నిలబడి నోటితో అడిగి తెచ్చుకునే మనవాడికి ఆ స్కోరు ఎంతవరకు సరిపోతుందన్నది నా అనుమానం. కళ్లజోడుతో కొందరికి కళ్లు తిరుగుతాయి, వికారం కూడా. దానికోసం పరుగులు పెట్టకండి.

మందుల చీటీలో ట్రైహెక్సీఫెనిడిల్ ఉందేమో చూడండి. వణుకు, బిగుతు తగ్గడానికి ఇచ్చే ఆ మాత్ర జ్ఞాపకశక్తిని మందగింపజేయగలదు. ఉంటే తగ్గించవచ్చేమో డాక్టర్ని అడగండి, సొంతంగా మాత్రం ఆపొద్దు.

రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాయండి: సరుకు పేరే మర్చిపోయాడా, డబ్బు దగ్గర తడబడ్డాడా, జనాన్ని చూసి టెన్షన్ పడి వెనక్కి వచ్చేశాడా? మూడూ వేర్వేరు ఇబ్బందులు. ఆ పుస్తకం మీ సైకియాట్రిస్టుకు చూపించి, క్లినికల్ సైకాలజిస్టు చేత పరీక్ష చేయించమనండి. ఏకాగ్రతకు, జ్ఞాపకానికి ప్రత్యేకంగా ఇచ్చే శిక్షణ గురించి కూడా అడగండి. ఈలోగా కొట్టుకు పంపేటప్పుడు రెండే సరుకులు చెప్పి, చీటీ మీద అతని చేతే రాయించండి.