క్లయింట్ మార్పులు, ఆగిపోయిన చివరి బిల్లు

ఇంటీరియర్ పనులు చేయించే మీరు, కిచెన్ క్యాబినెట్లు సగం బిగించాక క్లయింట్ లామినేట్ (క్యాబినెట్ల పైన అతికించే షీట్) రంగు మార్చమన్నారని, ఆ అదనపు ఖర్చు బిల్లులో చూసి మిగతా డబ్బంతా ఆపేశారని రాశారు. ముందు ఇద్దరూ కలిసి సైట్ అంతా తిరిగి, మిగిలిన పనుల జాబితా రాసి సంతకాలు పెట్టండి. అవి పూర్తయ్యాక ఎంత ఇస్తారో కూడా అందులోనే ఉండాలి. రంగు మార్పు ఖర్చు విడిగా మాట్లాడుకోండి. రెండూ కలిపితే మొత్తం ఇరుక్కుంటుంది.

ఇకపై ఎంత చిన్న మార్పైనా ఖర్చు, దానివల్ల పెరిగే రోజులు రాసి పంపండి. 'సరే' అని జవాబు వచ్చేదాకా కార్పెంటర్‌ని ఆ పని మొదలుపెట్టనివ్వకండి. వాట్సాప్ మెసేజ్ అయినా పర్లేదు. చాలామంది ఖర్చు రాస్తారు గానీ రోజులు రాయరు, చివరికి ఆలస్యం మన నెత్తిన పడుతుంది. లామినేట్ నమూనాని ఆ గదిలోనే, పగటి వెలుతురులోనూ రాత్రి లైట్లలోనూ చూపించండి (ఫోన్‌లో చూసిన రంగుని అసలు నమ్మలేం). ఎంచుకున్న ముక్క వెనక కోడ్ నంబర్ రాసి, సంతకం చేయించి దాచండి.

చెల్లింపుల్ని తేదీలకు కాదు, పని దశలకు ముడిపెట్టండి. మెటీరియల్ డబ్బు ఆర్డర్‌కి ముందే రావాలి. చివరి వాయిదా మీ లాభం కన్నా తక్కువ ఉంటే, అది ఆగినా పనివాళ్ల కూలికి టెన్షన్ ఉండదు.