‘అత్యంత సంక్లిష్టం’ అని రాసిన అమ్మాయికి

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

వ్యవస్థల సంక్లిష్టత మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ నాన్నతో కలిసి షిఫ్టు డ్యూటీలు చేసినవాడిగా ముచ్చటపడుతూ చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. ‘మావయ్యా, మొహమాటం లేకుండా చెప్పండి’ అని అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఎనిమిది పేజీల వ్యాసంలో ‘సంక్లిష్టం’, ‘అత్యంత సంక్లిష్టం’ అనే మాటలు పంతొమ్మిది చోట్ల వచ్చాయి. వాటిలో ఒక్కచోట కూడా అది ఎవరికి సంక్లిష్టమో, ఏ పని చేయబోయినప్పుడు సంక్లిష్టమో నువ్వు చెప్పలేదు. సిస్టమ్స్ ఇంజనీరింగ్ గురించి, అంటే అనేక భాగాలు కలిసి పనిచేసే వ్యవస్థలను రూపొందించే విద్య గురించి రాసేవారు ఈ మాటను విశేషణంగా వాడి వదిలేయకూడదు. దాన్ని ఒక ప్రశ్నకు జవాబుగా వాడాలి. ప్రశ్న ఏదో తేలితేనే కొలత ఏదో తేలుతుంది.

బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉంచిన కురుసుర జలాంతర్గామితో మొదలుపెట్టడం బాగుంది. 91 మీటర్ల ఆ ఇనుప గొట్టంలో ఒక చివరి నుంచి మరో చివరికి నడిచినవారికి పైపులు, వాల్వులు, గేజులు తప్ప వేరే ఏదీ కంటికి ఆనదు కనుక, ‘ఇంత సంక్లిష్టమా’ అనిపించడం సహజమే. కానీ అక్కడ నీకు కనబడినది భాగాల సంఖ్య మాత్రమే. అందులో పనిచేసిన నావికులకు ఏ వాల్వు దేనికోసమో కంఠతా వచ్చి ఉండేది. భాగాలు ఎన్ని ఉన్నా ఓపికతో నేర్చుకోగలిగినప్పుడు అది జడచిక్కు లాంటిది, కూర్చుంటే విప్పవచ్చు. మరోవైపు ఒక ఆక్సిజన్ సిలిండరు తీసుకో. అందులోని అణువులు లెక్కకు అందవు, అయినా దాని సంగతి తెలుసుకోవడానికి ఒక ప్రెజర్ గేజు చాలు. అమెరికన్ గణితవేత్త వారెన్ వీవర్ 1948లోనే ఈ తేడాను విడమరిచారు. రెండు మూడు చరరాశులతో తేలిపోయే సమస్యలు ఒక వైపు, లెక్కలేనన్ని భాగాలున్నా సగటుతో పట్టుబడే సమస్యలు మరో వైపు ఉంటాయి. ఆ రెండింటి నడుమ, ఓ మోస్తరు సంఖ్యలో ఉన్న భాగాలు ఒకదానితో ఒకటి పెనవేసుకున్నప్పుడు పుట్టేదాన్ని ఆయన వ్యవస్థీకృత సంక్లిష్టత అన్నారు. మన పని ఎప్పుడూ ఆ నడిమి ప్రాంతంలోనే.

కాబట్టి భాగాలతో పాటు లంకెలను కూడా లెక్కపెట్టాలి. ఇరవై భాగాలున్న వ్యవస్థలో ప్రతిదానికీ మిగతావాటన్నిటితో సంబంధం ఉంటే 190 జతలు ఏర్పడతాయి. అవే ఇరవై భాగాలను ఐదేసి చొప్పున నాలుగు గుంపులుగా చేసి, గుంపుకూ గుంపుకూ మధ్య ఒక్కో లంకె మాత్రమే ఉంచితే, గుంపుల లోపల 40, గుంపుల మధ్య 6, మొత్తం 46 అవుతాయి. ఒక్క భాగం కూడా తగ్గలేదు. దీని ఫలితం ఎంత పెద్దదో అమెరికన్ పండితుడు హెర్బర్ట్ సైమన్ 1962లో ఇద్దరు గడియారాల పనివాళ్ళ కథతో చెప్పారు. 1000 భాగాల గడియారాన్ని ఒకడు ఏకబిగిన కూరుస్తాడు, నడుమ ఎవరైనా పిలిచి చెయ్యి వదిలితే అంతవరకూ కూర్చినదంతా ఊడిపోతుంది. రెండోవాడు పది భాగాలను ఒక ముక్కగా, పది ముక్కలను ఒక పెద్ద ముక్కగా కూర్చుకుంటూ పోతాడు, పిలుపు వచ్చినా చేతిలోని ముక్క మాత్రమే చెదురుతుంది. ఒక్కో భాగం అమర్చేటప్పుడు ఆటంకం కలిగే అవకాశం నూటికి ఒకటి అనుకుంటే, మొదటివాడికి సుమారు 4000 రెట్ల కాలం పడుతుందని సైమన్ లెక్క తేల్చారు. ఓడను బ్లాకులుగా కట్టి తరువాత కలిపే పద్ధతిలో ఉన్న సౌకర్యం కూడా చాలావరకు ఇదే. గుంపులు ఎలా విడదీశారన్నది నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

అయితే లంకెలన్నీ ఒక్కలాంటివి కావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు బడిలో చదువుతూ ఉండి ఉంటావు. ముందు రోజుకూ తరువాతి రోజుకూ ఊరి పటంలో కొత్త భాగమేదీ చేరలేదు. కానీ కరెంటు పోగానే నీటి పంపులు ఆగాయి, సెల్ టవర్లు మూగబోయాయి, పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. జనరేటరుకు డీజిలు కావాలి, బంకులో డీజిలు తోడే పంపుకు కరెంటు కావాలి, ఆ కరెంటు లేకనే కదా జనరేటరు అవసరమైంది. మామూలు రోజుల్లో ఎవరూ గుర్తించని ఈ వలయం ఆ వారంలో ఇంటింటికీ అర్థమైంది. పెద్ద ప్రమాదాల గురించి 1984లో రాసిన సామాజికశాస్త్రవేత్త చార్లెస్ పెరో రెండు సంగతులను విడిగా చూడమన్నారు. భాగాలు అనుకోని దారుల్లో ఒకదాన్నొకటి తాకడం మొదటిది. ఒకచోట జరిగినది మరోచోటికి చేరేలోపు మనిషికి వ్యవధి మిగలనంత బిగువు రెండోది. ఇంటి మీద నిండు ట్యాంకు ఉన్నవారికి ఆ బిగువు ఒకటి రెండు రోజులు సడలింది, లేనివారికి సడలలేదు. ఈ బిగువును కాలంతో కొలవవచ్చు. ఫలానాది ఆగితే తరువాతిది ఎన్ని గంటలకు ఆగుతుందని అడుగు. నీ వ్యాసానికి అది ఎన్ని విశేషణాలకైనా సాటి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. నేను పనిచేసిన ఒక కర్మాగారంలో కూలింగు నీటికి రెండు పంపులు ఉండేవి. ఒకటి ఆగితే స్టాండ్‌బై తనంతట తానే అందుకోవాలి. ఒక రాత్రి షిఫ్టులో మొదటిది ఆగింది, రెండోది కదలలేదు. రెండింటి కంట్రోల్ సప్లై ఒకే ఫ్యూజు నుంచి వెళుతోందని తెల్లవారాక తేలింది. ఏ ఫ్యూజు పోయి మొదటి పంపు ఆగిందో, అదే ఫ్యూజు పోవడం వల్ల రెండోది లేవలేదు. పైపుల డ్రాయింగులో అవి రెండూ విడివిడిగానే ఉన్నాయి, వైరింగు డ్రాయింగులో మాత్రం ఒకటే గీత. పైపుల డ్రాయింగు సరిచూసి సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. సంక్లిష్టతను ఏ కాగితం మీద కొలిచామో కూడా కొలతలో భాగమేనని నాకు అప్పుడు తెలిసింది. కంప్యూటర్ శాస్త్రవేత్త ఫ్రెడ్ బ్రూక్స్ 1986లో సాఫ్ట్‌వేర్ గురించి రాస్తూ, పనిలోనే ఉండే కష్టం వేరు, మనం కొనితెచ్చుకున్న కష్టం వేరు అన్నారు. మా ఫ్యూజు పూర్తిగా రెండో రకం.

ఇక ‘సంక్లిష్టతా సూచిక’ అని నువ్వు కట్టిన సూత్రం. పైపుల సంఖ్యకు 0.4, ప్రోగ్రాము పంక్తులకు 0.3, సిబ్బందికి 0.3 బరువులు ఇచ్చి, చివరకు 7.3 అని తేల్చావు. ఆ బరువులు ఎక్కడి నుంచి వచ్చాయమ్మా? కిలోలనూ కిలోమీటర్లనూ కూడితే ఒక అంకె రాకపోదు, కానీ అది దేనికీ జవాబు కాదు. ఒక్క అంకె మీద మోజు ఉన్నవారు కంప్యూటర్ ప్రోగ్రాముల సంక్లిష్టతకు థామస్ మెకేబ్ 1976లో ఇచ్చిన కొలతను శ్రద్ధగా చూడాలి. ప్రోగ్రాము నడిచే దారులను బిందువులుగా, గీతలుగా గీసి, గీతల సంఖ్యలో నుంచి బిందువుల సంఖ్య తీసివేసి రెండు కలిపితే ఆ అంకె వస్తుంది. మామూలుగా చెప్పాలంటే, అవునా కాదా అని తేల్చుకునే చోట్ల సంఖ్యకు ఒకటి కలిపినంత. పది దాటితే విడగొట్టమని ఆయన సూచించారు. ఆ అంకె ఎందుకు నిలిచిందంటే, దాని వెనుక ఒక ప్రశ్న ఉంది. పరీక్షించవలసిన స్వతంత్ర మార్గాలు ఎన్ని అన్నదే ఆ ప్రశ్న. దాని పరిమితి కూడా అక్కడే ఉంది. పన్నెండు నెలల పేర్లు ఒక్కొక్కటిగా చూసి చెప్పే చిన్న ప్రోగ్రాము చదవడానికి ఎంత తేలికైనా పది దాటుతుంది. పది దాటకూడదని పైవాళ్ళు పట్టుబడితే, కుర్రాళ్ళు ఒక ప్రోగ్రామును నాలుగు ముక్కలు చేసి ప్రతి ముక్కకూ మంచి మార్కులు తెచ్చుకుంటారు. చిక్కు మాత్రం ముక్కల మధ్యకు జరుగుతుంది, అక్కడ ఈ కొలబద్ద చూడదు.

రష్యన్ గణితవేత్త కొల్మొగొరోవ్ పేరిట ఉన్న కొలతను నువ్వు ఒక వాక్యంలో ప్రస్తావించావు, దాన్ని తీసేయమని నా సలహా. ఒక అక్షరాల వరుసను రాబట్టగల అతి చిన్న ప్రోగ్రాము ఎంత పొడవు అన్నది అందమైన ఆలోచనే. కానీ ఆ లెక్కన అక్షరాలు అడ్డదిడ్డంగా చల్లిన కాగితానికి అన్నిటికంటే పెద్ద అంకె వస్తుంది, పైగా దాన్ని అన్ని వరుసలకూ లెక్కకట్టే పద్ధతి ఉండదని నిరూపణ ఉంది. పంపుహౌసులో అది ఎందుకూ పనికిరాదు.

రెండోసారి రాసేటప్పుడు జలాంతర్గామిని పక్కన పెట్టి, మీ అపార్ట్‌మెంటు నీటి సరఫరా తీసుకో. కుళాయి లైను, బోరు, సంపు, మోటారు, ఓవర్‌హెడ్ ట్యాంకు, వాల్వులు, కరెంటు, జనరేటరు, అన్నీ నిలువునా అడ్డంగా అదే వరుసలో రాసి ఒక చదరపు పట్టిక గీయి. ఏది దేని మీద ఆధారపడుతుందో ఆ గడిలో గుర్తు పెట్టు. తరువాత నిలువులోనూ అడ్డంలోనూ ఒకేలా వరుసలను అటూ ఇటూ మార్చి చూడు. ఎలా మార్చినా కర్ణానికి, అంటే పట్టికలో మూల నుంచి మూలకు వెళ్ళే గీతకు, ఒకే పక్కకు రాని గుర్తులు మిగిలితే అక్కడ వలయం ఉన్నట్టు. పట్టిక మొదలుపెట్టే ముందు మీ వాచ్‌మన్‌తో ఒక గంట కూర్చో. ఏ వాల్వు ఏ అంతస్తుకో, మోటారు ఎప్పుడు మొరాయిస్తుందో అతనికి తెలిసినంత బిల్డరు ఇచ్చిన ప్లానులో ఉండదు. అతను పండక్కి ఊరెళ్ళినప్పుడు మీ ఇంట్లో నీళ్ళు ఎన్ని గంటలకు ఆగిపోయాయో అమ్మను అడిగి, పట్టికలో అతనికీ ఒక వరుస ఇవ్వు.

వచ్చే నెల మూడో వారంలో నాకు కంటి ఆపరేషను ఉంది. అంతకుముందే పంపితే నేనే చదువుతాను, ఆలస్యమైతే మీ అత్తయ్య చదివి వినిపించాలి, పట్టికలు చదివి వినిపించడం ఆవిడకు బొత్తిగా గిట్టదు.

మీ నాన్నకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మావయ్య